ఎండలో ఇన్సులిన్

మే, మంగళవారం రాత్రి

మా ఆయన కాలు తీసేయాలన్నాడు డాక్టరు. ఇన్సులిన్ ఎక్కడ పెడతారని అప్పుడడిగాడు.

"పగలంతా బండి డిక్కీలోనే ఉంటాది సార్," అన్నారు ఈయన.

పూతలపట్టులో ఆయన పనిచేసే మామిడి గుజ్జు ఫ్యాక్టరీ బయట, ఆ ఎండలో. రాత్రికి నేనే తీసి భద్రంగా ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. మందు నీళ్ళలా తేటగానే ఉండేది. ఇన్సులిన్ కూడా ప్రోటీనే. వేడికి ప్రోటీన్ మడతలు విడిపోతాయని, ఆకారం పోతే ఇక పనిచేయదని కాలేజీలో పాఠం చెప్పేది నేనే. ఉడికిన గుడ్డును ఫ్రిజ్‌లో పెడితే మళ్ళీ పచ్చిదవుతుందా?

షుగర్ తగ్గనప్పుడల్లా, ఫ్యాక్టరీలో దొంగతనంగా పండ్లు తింటున్నారని సాధించాను.

డాక్టరు వెళ్ళాక అడిగారు, "ఇప్పుడన్నా నమ్ముతావా? ఒక్క ముక్క గూడా నోట్లో పెట్టలే."

నమ్ముతున్నానన్నాను. ఆయన దుప్పటి కింద ఆ కాలు కదిపి చూసుకున్నారు.