పిల్లిని ఆపొద్దు బావా

కాశీబుగ్గ,
20 జూన్ 2025.

పెద్దలైన మనోహర్ బావగారికి, మరదలు సుష్మ నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, నా పిల్లి గవ్వా క్షేమం. అక్కడ నువ్వూ, అక్కయ్యా, పిల్లలూ, పిల్లలకంటే నువ్వు ముద్దుగా చూసుకునే ఆ హాజరు మెషినూ క్షేమమని తలుస్తాను.

వాట్సాప్‌లో రాస్తే నీలం టిక్కులు తప్ప జవాబు రాదు. ఫోన్ చేస్తే పక్కన పప్పు కొనే పార్టీలు ఉన్నారంటావు. అందుకే కాగితం మీద రాసి, రేపు పొద్దున్న గవ్వను తీసుకెళ్ళడానికి చిన్నతల్లి వస్తే ఆవిడ చేతికిస్తాను.

నిన్న నీ మేనేజరు గోపాలరావు చేత కబురు పంపావు. నీ ఫ్యాక్టరీ హాజరు మెషినుకు నేను రాసిన కొత్త ఫీచరు వద్దట. సోమవారం నుంచి గవ్వ ఫ్యాక్టరీకి రాకూడదట. సొంత మరదలికి మేనేజరు చేత చెప్పిస్తావా? ఒళ్ళు మండిపోయింది బావా.

ఫీచర్లు అటకెక్కడం నాకు కొత్త కాదు. పొద్దున్నే హైదరాబాదు ఆఫీసు వాళ్ళతో మీటింగు, ఒళ్ళో గవ్వ, ఎదురుగా ల్యాప్‌టాప్. వారమంతా కష్టపడి చేసింది చూపిస్తే మా టీమ్ లీడు రవిశంకర్ చల్లగా 'బాగుంది, తర్వాత చూద్దాం' అంటాడు. ఆ 'తర్వాత' అనేది ఇంతవరకు రాలేదు. అవన్నీ ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోసం చేసినవి, పోతే పోయాయి అనుకుంటాను. ఇది అలాంటిది కాదు.

చిన్నతల్లి మీ నాన్నగారి కాలం నుంచి మీ దగ్గర జీడిపిక్కలు కొడుతోంది. ఎంత బూడిద రాసుకున్నా, తోలు కాల్చే పిక్కల నూనె చేతికి అంటక మానదు. తోలు ఊడి, మళ్ళీ వచ్చి, మళ్ళీ ఊడి, ఆవిడ వేళ్ళ మీద గీతలే మిగల్లేదు. నీ పని చేసి అరిగిన వేళ్ళవి! నువ్వేమో వేలిముద్ర మెషిను పెట్టి, వరసగా ఎర్ర లైటు పడినవాళ్ళ పేరు తీసెయ్యమన్నావు. మొదటి రోజు ఆవిడ ఎన్నిసార్లు నొక్కినా ఎర్ర లైటే. 'నానిక్కడే ఉన్నాను గదా బాబూ, నన్ను సూడు' అందట. గోపాలరావు తలెత్తకుండానే, 'మిసను ఒప్పుకోపోతే నువ్వు రానట్టే' అన్నాడట. సాయంత్రం దాకా పిక్కలు కొట్టిన మనిషి లెక్క ప్రకారం రానేలేదు. ఆవిడ మా అరుగు మీద కూర్చుని, 'ఇంక నన్ను రావద్దంతారేటమ్మా' అని ఏడిస్తే నాకు ఆ పూట అన్నం సయించలేదు.

అందుకే ఆ ఫీచరు రాశాను. మెషిను కాదన్నప్పుడు, వరసలో అటూ ఇటూ కూర్చున్న ఇద్దరు ఆ మనిషి ఉందని చెబితే హాజరు పడిపోతుంది. నువ్వేమన్నావు? 'ఆడోళ్ళ సాచ్చికం మీద ఫ్యాక్టరీ నడపమంతావేటి, రేపు లేని మనిషిని కూడా ఉందని సెప్తారు' అన్నావు. అక్కయ్యను పెళ్ళి చేసుకున్నప్పుడు అగ్నిసాక్షి ఒక్కటి నీకు చాలింది. కళ్ళెదుట కూర్చున్న మనిషి ఉందనడానికి ఇద్దరు ఆడవాళ్ళ మాట చాలలేదు!

ఇప్పుడేమో కొత్త వాదన. నెల రోజులుగా చిన్నతల్లికి పచ్చ లైటే పడుతోందట, మెషిను కుదురుకుందట, ఇక నా ఫీచరు దండగట. రేపు మిగతావాళ్ళ వేళ్ళూ అరుగుతాయి కదా, అప్పుడేం చేస్తావు? కొత్త వేళ్ళు తెప్పిస్తావా?

ఇక గవ్వ సంగతి. గోడౌనులో ఎలకలు గోనెలు కొరికేస్తున్నాయంటే, చిన్నతల్లి రోజూ పొద్దున్న దాన్ని బుట్టలో తీసుకెళ్ళి సాయంత్రం మా ఇంట్లో దింపుతోంది. ఎలకలు తగ్గాయని గవ్వను మెచ్చుకున్నదీ నువ్వే. ఇప్పుడు పప్పులో బొచ్చు పడుతుందని భయమట. అది పప్పు గది గడప తొక్కిందా ఎప్పుడైనా? ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే.

నా ఫీచరు పెట్టేదాకా గవ్వ వచ్చి తీరుతుంది. కాదంటే అక్కయ్యకు చెబుతాను. ఆ తర్వాత నీ పాట్లు నీవి. అక్కయ్యను అడిగానని చెప్పు, పిల్లలకు ముద్దులు.

కోపం ఇంకా చల్లారని నీ మరదలు,
సుష్మ.

తా.క.: ఇంత చెప్పినా నువ్వు గవ్వను ఆపేలాగే ఉన్నావు కనుక అసలు సంగతి రాస్తున్నాను. సోమవారం అది రాకపోతే చిన్నతల్లికి ఎర్ర లైటు పడుతుంది. మెషిను కుదురుకోలేదు బావా. కిందటి నెల మెషినుకు అప్‌డేటని చెప్పి ఫ్యాక్టరీకి వచ్చి, చిన్నతల్లి పేరు మీద గవ్వ ముందు కాలి ముద్ర ఎక్కించింది నేనే. ఆవిడ వేలిని కాదన్న మెషిను పిల్లి పాదాన్ని ఒక్క నొక్కుకే ఒప్పుకుంది. వచ్చేటప్పుడూ వెళ్ళేటప్పుడూ ఆవిడ బుట్టను మెషినుకు ఆనించి దాని కాలు నొక్కుతోంది. గోపాలరావు లైటును తప్ప మనిషిని చూడడు కనుక ఇన్నాళ్ళూ గడిచింది. తప్పంటూ ఉంటే నాది, ఆవిడను ఒక్క మాట అన్నావంటే ఊరుకోను. ఇద్దరు ఆడవాళ్ళు చెబితే నమ్మనన్నవాడివి, నెల రోజులుగా పిల్లి చెబితే నమ్ముతున్నావు.