మూడో ప్రశ్నకు జవాబు

జనగామ,
20 ఫిబ్రవరి 2010

బేటీ తబస్సుమ్‌కు అబ్బా సలాం, దువాలు. ఇక్కడ అందరం క్షేమం. ఈ మాట ప్రతి ఉత్తరంలో అలవాటుగా రాసేవాణ్ని, ఈసారి తెలుసుకుని రాస్తున్నాను. మీ ఆశ్రమ పాఠశాల దగ్గర ఫోను అందకపోవడమే మేలైంది. అందితే నన్ను సగంలోనే ఆపి ఏడ్చేదానివి.

నువ్వడిగిన వాటికి జవాబులు. తమ్ముడు ఆరిఫ్ చదువుతున్నాడా అంటే, ఊరేగింపులు లేనప్పుడు చదువుతున్నాడు. నా కుట్టుమిషన్‌కు తీరికే లేదు. పెళ్లి బట్టలు పక్కనబెట్టి జెండాలు కుడుతున్నాను.

ఇక మూడోది, అమ్మీకి నీరసం తగ్గిందా అని. పోయిన నెల ఉద్యమంవాళ్లు చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు, బండ్లన్నీ బంద్. బగారన్నం కలుపుతూ అమ్మీ గంటెతో సహా కూలబడింది. పక్కింటి ఓదెమ్మ అరిచింది. "పొయ్యి జరుపుండ్రి! తెలంగాణ రేపైనా వస్తది, కుబ్రక్క పోతే మల్లొస్తదా?" మండే పొయ్యిని కదపొద్దని రోజూ చెప్పే మనిషే నిప్పులు పక్కకు నెట్టి, అమ్మీని ఎక్కించిన జీపుకు దారిచ్చింది.

వరంగల్ దవాఖానలో రక్తం ఎక్కించి, కడుపులోకి గొట్టం వేసి చూశారు. లోపల తర్బూజ, అదే పుచ్చకాయ, మీద ఉన్నట్టే చారలు, కాకపోతే ఎర్రవి. వాటిలోంచి చుక్కచుక్కగా రక్తం ఊరుతోందట. ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బట. ఆ గొట్టంలోంచే వేడి తగిలించి చారలను మాడుస్తున్నారు. రెండు విడతలయ్యాయి, ఇంకొకటుంది. "అంగట్ల తర్బూజ కొననియ్యవైతివి, కడుపులనే పండించుకున్న" అని అమ్మీ నన్ను ఆడిపోసుకుంటోంది.

బేటీ, ఇప్పుడు దాచిన మాట. నిరుడు రక్తం తక్కువైందని చూపించినప్పుడు, "దొడ్డికి నల్లగా అవుతోందా?" అని డాక్టర్ అమ్మీని అడిగాడు. ఎప్పటిలాగే నేనే అందుకుని, "లేదు సాబ్, అంతా మంచిగనే ఉంది" అన్నాను. నాకేం తెలుసు! తను తల దించుకుంది. ఐరన్ గోళీలిచ్చి పంపారు. లోపల రక్తం కారితే నల్లగా అవుతుందట, ఆ గోళీలు మింగినా అంతేనట; అందుకే ఆ తర్వాత నలుపంతా గోళీలదే అనుకుందట. నా నోటి తొందరకు ఏడాది పాటు ఆమె రక్తం పోయింది. సిగ్గుగా ఉంది. నన్ను మాఫ్ చెయ్యి.

నిన్న డాక్టరమ్మ "ఎట్లుంది?" అని అడిగింది. నేను నోరు తెరిచాను. అమ్మీ నా నోటికి చెయ్యి అడ్డంపెట్టి అరగంట మాట్లాడింది. అందులో సగం నాకు తెలియదు. అందుకే నీ మూడో ప్రశ్నకు నేను జవాబు రాయను. పెన్ను తనకే ఇస్తున్నాను.

ఇట్లు,
నీ అబ్బా,
అబ్దుల్ వహాబ్

బేటీ, నీరసం తగ్గింది. మెట్లెక్కుతున్న. మోకాలు మాత్రం నొస్తుంది, గా సంగతి మీ అబ్బాకు తెల్వదు. ఎనక నిలబడి చదువుతుండు, గిప్పుడు తెలుస్తది.
అమ్మీ