కళ్లు మూసుకుని ఇచ్చిన బడి

జూన్ 12
మిషన్ బడి తెరిచారు. మనవరాలు రూతు తొమ్మిదో తరగతిలోకి వచ్చింది. టీచర్లు సగం మందే ఉన్నారట. మిగతావాళ్లేరి? ఎవరినడిగినా తల దించుకుంటున్నారు.

జూన్ 15, ఆదివారం
చర్చి వదిలాక హెడ్మాస్టరు దేవదానం గారిని ఆపాను. అసలు మన బడి ఎవరిది సారూ?
“మిషన్ బోర్డుది పెద్దమ్మా. పైదేశంలో ఉంటది. ఆఫ్రికాలో, ఇక్కడ, ఇంకా చానా చోట్ల బడులకి వాళ్లే డబ్బు పంపేది. ఇప్పుడు ఆపేశారు.”
స్థలం కూడా అమ్ముతారా?
“మన చర్చి సంఘం ఒప్పుకోకుండా అమ్మలేరులే.”
ఆ ‘లే’ నాకు నచ్చలేదు.

జూన్ 18
మా ఏసోబు అన్నం తింటూ తేల్చేశాడు. “ఈ బడి మూస్తే మాచవరం బడికి పంపను. ఆడపిల్ల, ఆటోల్లో... వాళ్లమ్మతో పత్తి చేలోకి పోద్ది.” కన్నకొడుకు, పైగా సంఘపెద్ద. రూతు వింటూనే ఉంది.

జూన్ 22, ఆదివారం
బోర్డు తరఫున ఒకాయన వచ్చాడు. ఇంగ్లీషులో ఏదో చదివాడు. తర్వాత పాస్టరుగారు ప్రార్థన చేశారు – ప్రభువా, ఈ స్థలం గురించి పెద్దలు తీసుకున్న నిర్ణయాన్ని దీవించు... ఆమెన్ అన్నాం. ప్రార్థనకు ఆమెన్ అనక ఏమంటాం? అందరికంటే నా గొంతే పైన. కళ్లు తెరిచేసరికి ఆ బోర్డాయన ఏదో రాసుకుంటున్నాడు.

జూన్ 24
దేవదానం గారు వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.
“సంఘమంతా ఒప్పుకుందని ఆ బోర్డాయన పైకి రాసి పంపాడంట పెద్దమ్మా. అందరూ ఆమెన్ అన్నారని.”
అది ప్రార్థన గదయ్యా!
“నేనూ అన్నాగా...”
గోడవతల నుంచి ఖాసింబీ – “ఏంది వదినా, కళ్లు మూసుకుని బడి ఇచ్చేశారంటగా?” నోర్ముయ్యవే అన్నాను.

జూన్ 25
నిద్ర లేదు.

జూన్ 27
బడి ఆవరణలో స్థలం కొలిచి సున్నంతో గీతలు గీశారు. ఒకటి రూతు తరగతి గుమ్మం ముందు నుంచే పోయింది. పిల్లలు దాని మీద తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు.

జూన్ 28
రేపు బోర్డాయన మళ్లీ వస్తాడట. సంఘపెద్దల సంతకాలు కావాలట, అవి లేకపోతే రిజిస్ట్రేషన్ జరగదట. ప్రాణం లేచొచ్చింది. సంతకం పెట్టకురా అబ్బయ్యా అన్నాను. ఏసోబు నా వైపు చూడలేదు.
“కొనేవాళ్లు వాచ్‌మన్ పని ఇస్తామన్నారమ్మా. నెలనెలా జీతం.”
రూతు వాళ్ల నాన్న తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఎవరూ చెప్పలేదు, తనే తీసింది. మడత పెడుతూ అడిగింది – “నాన్నా, రేపు సంతకం పెట్టేటప్పుడు నన్ను నీ పక్కన కూర్చోనిస్తావా?”
వాడు కంచంలో అన్నం కెలుకుతున్నాడు...