నొప్పి తెలియని ఇల్లు

దమన్‌హూర్, ఈజిప్టు

షౌకీకి,

ఆఖరి రోజు మీ అక్క నజ్వా ఉపవాసంలోనే ఉంది. సాయంత్రం మొలోఖియా ఆకు తరుగుతూ ఆయాసపడింది. ఒళ్లంతా చెమట. కాసేపు పడుకోమన్నాను.

"రంజాన్‌లో ఆయాసం రాకపోతే అదేం ఉపవాసం? మీరు మీ సిగరెట్టు బెంగ చూసుకోండి" అని నవ్వింది. గుండెలో నొప్పేమీ లేదంది. ఉపవాసం విడిచే అజాన్ వినిపించి, నేను ఖర్జూరం అందించేసరికి ప్రాణం లేదు.

పరామర్శకు వచ్చినవాళ్ల ముందు చేదు కాఫీ తాగుతూ నువ్వన్నావు: "మా ఇంటికి దేవుడిచ్చిన వరం, బావా. నాన్నా ఇలాగే పోయాడు, పెద్దక్కా ఇలాగే. ఎవరికీ నొప్పి తెలియలేదు." అందరూ తలలూపారు.

తర్వాత డాక్టరును అడిగాను. అది వరం కాదు, షౌకీ. చక్కెర జబ్బు ముదిరితే నరాలు మొద్దుబారి, గుండెపోటు వచ్చినా నొప్పి తెలియకపోవచ్చట. ఆ జబ్బు మీ రక్తంలో ఉంది. నీకూ వచ్చింది. దానిపైన నీ హుక్కా, రోజంతా కొట్టులో కూర్చోవడం.

మొన్న మా మెట్లెక్కి గోడ పట్టుకున్నావు. "మీ ఇల్లు ఏటేటా ఎత్తు పెరుగుతోంది, బావా" అంటూ చెమట తుడుచుకున్నావు. ఆ చెమట నాకు తెలుసు.

ఎదురుగా చెబితే నవ్వుతో దాటేస్తావు. అందుకే రాసి, నీ భార్య నబీహా చేతికి ఇస్తున్నాను. ఆమె కూడా చదవాలి.

నొప్పి వచ్చాక చూద్దామనుకోకు. మీ ఇంట్లో అది రాదు.

రేపు పొద్దున నువ్వు కొట్టు తెరవకముందే వచ్చి తాళంచెవులు తీసుకుంటాను. నిన్ను గుండె ఆసుపత్రికి తీసుకెళ్తాను.

మీ బావ