ఉయ్యాలకు గరుకు కాగితం

మావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన కూతురు కాంతానికి పాప పుట్టింది. నువ్వు సగంలో వదిలిన టేకు ఉయ్యాలను నేనే పూర్తిచేద్దామని కూర్చున్నాను. చింతపల్లిలో కొన్న గరుకు కాగితం నాలుగు రుద్దులకే ఇసుక రాల్చేసింది. అందుకని జీపెక్కి నర్సీపట్నం వెళ్లాను.

నీకు ఎప్పుడూ సామాను ఇచ్చే కొట్టాయన, "ఏటమ్మా, నువ్వొచ్చినావు? మేస్త్రి రాలేదేటి?" అన్నాడు. చెప్పాను. ఆయన గుడ్డ అంటించిన మంచి కాగితాలు తీశాడు.

"ముందు గరుకుది, ఎనబై నంబరు. తరవాత సన్నంది, రెండొందల ఇరవై. నార వాటంగా, చెక్క గీతల యెంబడే రుద్దమ్మా."

రెండు రోజులు రుద్దాను. చెక్కంతా నున్నబడింది. లోపలి పలక మీద మాత్రం నువ్వు పెన్సిలుతో రాసుకున్న కొలతలు ఉన్నాయి. నీ చేతిరాత మనింట్లో ఇంకెక్కడా లేదు.

"నాన్న రాత అది, ఉంచీయమ్మా," అంది కాంతం.

కానీ పాప చెంప ఆనేది సరిగ్గా అక్కడే. అక్కడ చెక్క ఇంకా గీసుకుంటోంది. ఒక్కో అంకె పైకి చదువుకుంటూ రుద్దేశాను. చివరికి ఒక మూడు మిగిలింది. దానిమీద వేలుంచి చాలాసేపు కూర్చున్నాను. తర్వాత అదీ రుద్దేశాను.

పాప నిద్రపోతోంది, మావా.