తలకిందులుగా పెట్టిన సీసా

ఫిబ్రవరి 11, మంగళవారం

తమ్ముడికి,

పెద్దవాణ్ని కనుక ఆశీస్సులు. ఉత్తరం కనుక నేను క్షేమం. నువ్వు క్షేమంగా లేవని మీ అమ్మాయి ఫోనులో చెప్పింది కనుక, నువ్వూ క్షేమమని తలుస్తాననే వాక్యం రాయడం లేదు. మర్యాదలు ఇంతటితో సరి.

ఇక మాట సంగతి. నాన్న పోయాక గింజలు రుబ్బే ఆ మిషనొక్కటే మనిద్దరికీ మిగిలింది. కొట్టు తెరిచిన రోజు పొద్దున, షట్టరు ఎత్తకముందు, దాని మీద చెయ్యి పెట్టి నువ్వే అన్నావు. అన్నయ్యా, మన సీసాలో వేయించిన వేరుశనగ గింజ, ఉప్పు, ఈ రెండే ఉంటాయి, మూడోది పడిన రోజున మనకి ఒకరి మొహం ఒకరికి అక్కర్లేదు అన్నావు. నేను అడగలేదు. మీ వదిన పక్కన సీసాలు తుడుస్తూ, మరీ అంత పెద్ద మాటలెందుకయ్యా, కాస్త చిన్నవి చెప్పుకోకూడదూ అంది. మనం వినలేదు.

నాలుగైదేళ్లు నిలబడింది ఆ మాట. తర్వాత సీసాలు వెనక్కి రావడం మొదలైంది. పైన వేలెడు మందాన నూనె తేలింది, మీ వేరుశనగ వెన్న పాడైపోయింది అని జనం కౌంటరు మీద పెట్టి పోయేవాళ్లు. పాడవలేదు, మంచిది కాబట్టే తేలింది అని ఒక్కొక్కరికీ చెప్పేవాణ్ని. మూత తీయనంతవరకూ సీసాను తలకిందులుగా పెట్టండి, నూనె తనంతట తానే గింజలోంచి వెనక్కి నడుస్తుంది. తీశాక పొడుగు కాడ చెంచాతో అడుగు నుంచి నిదానంగా కలపండి. కలిపాక ఫ్రిజ్‌లో పెట్టండి. తినేముందు కాసేపు బయట ఉంచండి. తడి చెంచా ముంచకండి. ఇందులో బ్రహ్మవిద్య ఏముంది? నేను చెబుతూంటే నువ్వు నా వెనక నిలబడి ఆవలించేవాడివి.

ఒకరోజు తెల్లటి గడ్డనూనె డబ్బా ఒకటి, చక్కెర పొడి సంచి ఒకటి మోసుకొచ్చావు. గడ్డకట్టించిన ఈ నూనె కొంచెం పడితే చాలన్నయ్యా, తేలేది తేలదు, ఫ్రిజ్ అక్కర్లేదు, అలమరలో నెలల తరబడి కుదురుగా ఉంటుంది, జనానికి కలుపుకునే ఓపిక లేదు అన్నావు. ఓపిక నేర్పుదాం అన్నాను. నువ్వు పెట్టింది కొట్టా, బడా అన్నావు. మీ వదిన ఫక్కున నవ్వింది. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. నేను డబ్బా తీసి వీధిలో పెట్టాను. డబ్బాతో పాటు నువ్వూ పోయావు.

ఆ తర్వాత నీ ఫ్యాక్టరీ, నీ పసుపు రంగు మూత, దాని మీద కలపక్కర్లేదు అని బొద్దక్షరాలు. ఈ రోజు ఏ దుకాణంలోకి వెళ్లినా నా కళ్లెదుట ఉండే అర నిండా నువ్వే. మా వీధి చివర పెద్ద దుకాణంలో నేను కళ్లజోడు సవరించుకుని నీ సీసా వెనక ఉన్న చిన్న అక్షరాలు పైకి చదువుతూంటాను. గింజ, చక్కెర, గడ్డకట్టించిన నూనె, ఉప్పు, ఆపైన ఏవో. సీసా ఎంచుకోవడానికి ఇంతకన్నా సూత్రం లేదమ్మా, వెనక రెండు మాటలకన్నా ఎక్కువుంటే కింద పెట్టెయ్యండి అని పక్కనున్నవాళ్లకు చెబుతాను. అక్కడి పిల్లలు నాకు లేబుల్ తాత అని పేరు పెట్టారు. మేనేజరొకాయన దగ్గరికొచ్చి, మీకేం కావాలి సార్ అని వినయంగా అడిగాడు. సిగ్గు కావాలి, ఏ అరలో ఉందీ అన్నాను. మీ వదిన నా మోచెయ్యి పట్టుకుని బయటకు లాక్కొచ్చింది.

నేను చాలా చదివాను. కొట్లో గిరాకీ లేని పూటలన్నీ చదువుకే పోయాయి. కూలిపోయిన రాజ్యాల చరిత్రలు లావుపాటివి ఎన్నో తిరగేశాను. వాటిలో నాకు అర్థమైంది ఇంతే, శత్రువు గోడ దూకి వచ్చిన సందర్భాలు తక్కువ. ఎప్పుడూ లోపలివాళ్లెవరో గడియ తీస్తారు. మన కొట్టుకు ఆ గడియ తీసింది నువ్వు. నా సీసాలు కొనేవాళ్లు ఒక్కొక్కరే నీ పసుపు మూతకు అలవాటు పడ్డారు. చివరికి నేను షట్టరు దించి, మిషను ఇనప సామానువాడికి ఇచ్చేశాను.

అయినా నువ్వు గెలవలేదు, అది చెప్పడానికే ఇంత రాస్తున్నాను. మా ఇంట్లోకి నీ సరుకు రాలేదు. కొట్టు మూశాక వంటింటి గట్టు మీద చిన్న మిక్సీ పెట్టుకుని మేం తినేంత మేమే చేసుకున్నాం. నా భుజం పడిపోయాక ఆ పని మీ వదిన తీసుకుంది. ఆమె వేళ్లూ అప్పటికే కణుపుల దగ్గర వాచి వంకర్లు పోతున్నాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్న రాయిలా ఉండేది. దాన్ని కలపబోయి రెండు మంచి చెంచాలు వంచేసింది. కాసేపు ఆగి కలపొచ్చు కదా అంటే, మీకు ఆకలి ఆగదు కదా అనేది.

తర్వాత తర్వాత ఆమెకే కిటుకు తెలిసింది. గురువారం నేను గ్రంథాలయానికి పోయే రోజు. ఆ మిక్సీ రొదలో మీకు చదువు సాగదు, మీరు లేనప్పుడు చేసేస్తాను అంది. నేను తిరిగొచ్చేసరికి మెట్ల మీదికే వేయించిన గింజల కమ్మటి వాసన వచ్చేది. అరలో నా పాత సీసా, కొట్టు నాటిది, మూత చుట్టూ సొట్టలు పడ్డది, నిండుగా, తలకిందులుగా, నేను నేర్పినట్టే ఉండేది. తెరిస్తే నూనె జాడ ఉండేది కాదు. ఇప్పుడే కలిపానండీ అనేది. రొట్టె మీద పట్టులా పరుచుకునేది. చూశావా, వెన్నంటే ఇదీ, వాడికి ఈ జన్మలో రాదు అనేవాణ్ని. ఆమె ఊఁ అనేది. ఆ సాయంత్రం మిగిలిన గుప్పెడు వేయించిన గింజలు కిటికీ దగ్గర కూర్చుని ఇద్దరం తినేవాళ్లం. నాకు పొట్టు ఊది పెట్టేది.

చివరిదాకా మీ వదిన నా సీసాలోదే తిన్నది. నాకూ నా సీసాలోదే పెట్టింది. ఈ వాక్యం రెండుసార్లు చదువుకో.

ఆమెను తీసుకుపోయిన రోజు నువ్వొచ్చి కింద గేటు దగ్గర నిలబడ్డావు. పైకి రమ్మని నేననలేదు. ఎవరో కుర్చీ వేయబోతే అక్కర్లేదన్నాను. నువ్వు గేటు ఊచలు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చావు. వదిన పోతే మరిదికి అంత దుఃఖమేమిటా, ముప్ఫయ్యేళ్లుగా మొహం చూడనివాడికి అన్నేసి కన్నీళ్లెక్కడివా అని నాకు చిరాకు వేసింది. నా కళ్లు ఆ రోజు పొడిగానే ఉన్నాయి. ఆ తర్వాత మాత్రం, ఆమె కుర్చీ మీద వేసుకునే తువ్వాలు ఉతకడానికి తీసి, ఉతకలేక మళ్లీ అక్కడే వేశాను. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

పోయిన వారం మీ అమ్మాయి ఫోను చేసింది. పెదనాన్నా, నాన్నకి గుండె బాగా నీరసించింది, మెట్లెక్కొద్దన్నారు, అయినా ఒక్కసారి మీ వంటింట్లో కూర్చుని వస్తానంటున్నాడు, మీరు సరేనంటేనే తీసుకొస్తాను అంది. వంటింట్లో ఏముందమ్మా అన్నాను. ఏమో పెదనాన్నా, నాన్న చెప్పడు, అక్కడే అంటాడు అంది. మంచి పిల్ల. గొంతు మన అమ్మది.

ఫోనులో జవాబివ్వలేదు. జవాబు ఇది. వద్దు. మూడోది పడిన రోజున ఒకరి మొహం ఒకరికి అక్కర్లేదన్నది నువ్వు. సగం మాట తప్పావు, మిగతా సగమైనా నిలబెట్టుకో. నా ఇంట్లో ఇప్పుడు నేనూ, పుస్తకాలూ, ఒక తువ్వాలూ ఉన్నాం. నీకు చోటు లేదు.

మందులు వేళకు వేసుకో.

ఇట్లు,
మీ అన్నయ్య

తా.క. కవరు అంటించాను. గడప దాటబోయి, వెనక్కొచ్చి చింపాను.

ఆమె పోయేముందు గురువారం నింపిపెట్టిన సీసా అరలో అలాగే ఉండిపోయింది. ఎనిమిది నెలలు దాన్ని ముట్టుకోలేదు. ఫ్రిజ్‌లోనూ పెట్టలేదు. ఈపాటికి నూనె తేలి, ముక్కిన వాసన కొడుతూ ఉంటుంది, పారబోసి సీసా కడిగి దాచుకుందామని పోయిన నెల తీశాను. తలకిందులుగా ఉన్నది తిప్పి మూత తీశాను.

చుక్క నూనె లేదు. వాసన లేదు. వెన్న జారలేదు, కదల్లేదు. పైన మీ వదిన చెంచా వెనకవైపుతో చదును చేసిన గుర్తు ఉంది. కుడి నుంచి ఎడమకు ఒక వంపు, చివర్లో వేళ్లు పట్టుతప్పినచోట చిన్న తొట్రుపాటు. నిన్న చేసినట్టే ఉంది. నేను చేసిన వెన్నయితే ఆ గుర్తు రెండు రోజుల్లో నూనెలో మునిగి మాసిపోయేది. గడ్డనూనె పడితేనే అలా నిలుస్తుంది. ఆ సంగతి నాకన్నా బాగా ఎవరికి తెలుసు?

వేలితో కాస్త తీసి నాలిక మీద వేసుకున్నాను. చక్కెర లేదు. నా కోసం చక్కెర మానేశావు. నీ ఫ్యాక్టరీలో అలాంటిది అమ్మరు, ఎన్ని లేబుళ్లు చదివానో నీకు తెలీదు. విడిగా చేయించి తెచ్చావన్నమాట, ఆమె వంకర వేళ్లతో కలిపే పని లేకుండా.

కింద వాటాలో బట్టలు కుట్టే ఆవిణ్ని అడిగాను, మా ఇంటికి ఎవరైనా వచ్చేవారా అని. ఎవరో ఏంటండీ, మీ తమ్ముడుగారే కదా, మీరు సంచి పట్టుకుని ఆ మలుపు తిరగ్గానే ఈ గేట్లోంచి వచ్చేవారు, మీరొచ్చే వేళకి వెళ్లిపోయేవారు, మీరిద్దరూ వంతులేసుకున్నారేమో అనుకున్నా అంది. తర్వాత నా మొహం చూసి సూదిలో దారం ఎక్కించడం మొదలుపెట్టింది. ఆ సూదిలో అప్పటికే దారం ఉంది.

నువ్వు వంటింట్లో ఏ కుర్చీలో కూర్చునేవాడివో ఊహించాను. ఆమె నీ సీసాలోంచి నా సీసాలోకి మార్చడం, నువ్వు మూత పట్టుకోవడం. నువ్వు వెళ్లాక ఒక్క గుప్పెడు గింజలు పెనం మీద వేయించడం, నేను మెట్లెక్కేసరికి వాసన రావాలి కనుక. సాయంత్రం నాకు పొట్టు ఊది పెట్టిన గింజలు ఆ గుప్పెడే. అన్నేళ్లూ నీ వెన్న తింటూ, వాడికి ఈ జన్మలో రాదు అని ఆమె మొహం మీదే అన్నాను. ఊఁ అంది.

ఇదంతా తెలిసే పైన అలా రాశాను, అయినా రాసినదేదీ కొట్టేయను. గడ్డనూనె గడ్డనూనే. మాట తప్పడం తప్పడమే. ఆ సీసాకు మాత్రం మూత బిగించి, ఉన్నచోటే, ఉన్నట్టే తలకిందులుగా పెట్టాను. నువ్వు కూడా ఆ గుర్తు చూడాలి.

గురువారం రా. నీకు తెలిసిన వేళకే. మెట్టు మెట్టుకూ ఆగి ఎక్కు, మీ అమ్మాయి చెయ్యి పట్టుకో. ఈసారి నేను గ్రంథాలయానికి పోను.

నీ మీద కోపం ఇక నాకు చేతకావడం లేదు. అది ఎక్కడికీ పోలేదు, చోటు మారింది, అంతే. ఆమె ఏదో ఒక సాయంత్రం చెప్పి ఉండొచ్చు. చెబితే రెండు రోజులు అరిచేవాణ్ని. సీసా విసిరేసేవాణ్నేమో కూడా. మూడో రోజు నేనే, వాణ్ని పైకి రమ్మను, దొంగలా ఆ మలుపులో నిలబడటమేంటి అనేవాణ్ని. అంత కాపురం చేసి, నాలో ఆ మూడో రోజు ఒకటుందని ఆమె నమ్మలేదు. నమ్మకుండానే వెళ్లిపోయింది. అడుగుదామంటే మనిషి లేదు. నేను ఇప్పటికీ తప్పుపట్టేది ఒక్కరినే, తమ్ముడూ. మీ వదినను.