214 కొట్టి చూసినవాళ్లు

నిజామాబాద్,
ఆదివారం

భాగ్యక్కా,

నేను, శృతిని. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి కాగితం పట్టుకున్నాను. చించెయ్యకుండా చివరిదాకా చదువు. ఆ తర్వాత ఎంత తిట్టినా పడతాను.

నీ జబ్బు సంగతి గల్లీకెక్కించింది పెంటవ్వ కాదు. నేను.

నోటితో చెప్పలేదులే. మీ బీడీ కార్ఖానాలో ఛాతీ పరీక్షల క్యాంపు పెట్టారు కదా, ఆ రిపోర్టులు ఫోన్లో చూసుకునే వెబ్‌సైట్ మా ఆఫీసులోనే తయారైంది. అందులో దారులు రాసే పని నాది. ఫోన్లో పైన కనబడే చిరునామాలో ఏటవాలు గీతలుంటాయి చూశావా? గీత తర్వాత ‘రిపోర్టు’ అన్న ముక్క వస్తే, రిపోర్టు చూపించే కోడ్‌ను పిలవాలి. దాని వెనకాలే ఇంకో గీత తర్వాత వచ్చే నంబరును ఆ కోడ్ చేతిలో పెట్టాలి. ఆ నంబరు ఎవరిదో వాళ్ల కాగితం అది తీసి చూపిస్తుంది. ఏ దారికి ఏ కోడ్ పలకాలో వరుసగా రాసిపెట్టడాన్ని మేం రూటింగ్ అంటాం. పది వరుసల పని. రాసి ఎంత మురిసిపోయానో!

క్యాంపువాళ్లు పొడుగాటి నంబర్లిచ్చారు. మన ఆడవాళ్లకు అవి గుర్తుండవని, వాటి బదులు మీ కార్ఖానా కార్డు నంబర్లు పెట్టింది నేనే. కార్ఖానాలో మిమ్మల్ని పేరుతో పిలవరు కదా. బీడీలు అప్పజెప్పే చోట ‘రెండొందల పద్నాలుగు’ అని కేకేస్తే నువ్వు లేచి పోతావు. ఎవరి నంబరు వాళ్లకు నోటికొచ్చు అనుకున్నాను. రోజూ కేకలు వినీ వినీ ఎవరి నంబరైనా అందరికీ నోటికొచ్చని తట్టలేదు. ఆ కేకల మధ్య పెరిగినదాన్ని, నాకే తట్టలేదు.

మా సీనియర్ నాగేందరన్న అడిగాడు కూడా. “నంబర్ కొట్టంగనే సూపిస్తె ఎట్ల? ఫోన్‌కు ఓటీపీ పంపుదాం” అన్నాడు. నేనే వాదించాను. “అన్నా, వాళ్ల ఫోన్లు మొగోళ్ల జేబులల్ల ఉంటయి. ముందుగాల మొగనికే ఎర్కైతది” అన్నాను. మిమ్మల్ని కాపాడుతున్నాననే అనుకున్నాను అక్కా.

పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు గల్లీలో అందరి హాల్‌టికెట్ నంబర్లూ కొట్టి చూస్తారే, అట్లాగే చూశారు. నీ పేజీ రెండు రోజుల్లో అరవై మూడుసార్లు తెరుచుకుంది. టీబీ అంటుకుంటుందని భయపడటానికి ‘ఊపిరితిత్తిలో మచ్చ’ అన్న రెండు మాటలు చాలవూ? నీ పక్కన చాట పెట్టుకొని కూర్చునేవాళ్లే లేకుండా పోయారు. మూడో రోజు ఆ దారి మూసేసి ఓటీపీ పెట్టాను. “సర్వర్ ఖరాబైందని చెప్పినం. ఇంక నువ్వేం మాట్లాడకు” అన్నాడు నాగేందరన్న.

నువ్వు నీ జబ్బు సంగతి చెప్పుకున్నది పెంటవ్వ ఒక్కదానికే. అందుకే అనుమానం ఆమె మీదికి పోయింది. “ఇరవై ఏండ్ల సంది ఒక్క తాన కూసోని బీడీలు జేసినం, నా బతుకు బజార్ల పెడ్తవా?” అని నువ్వు అరిచినప్పుడు నేను మా గడపలోనే నిలబడి ఉన్నాను. “నేనెవ్వలికి చెప్పలె బిడ్డా” అంటూనే ఉంది ఆమె. నేను ఒక్క మాట అంటే అయిపోయేది. ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నాను. నువ్వు మీ తమ్ముడింటికని బోధన్ బస్సెక్కావు. నలభై రోజులైంది. నన్ను చూస్తే నాకే రోత పుడుతోంది.

రేపు క్యాంపువాళ్లకు అంతా రాసిస్తాను. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది.

నీ
శృతి

బోధన్,
బుధవారం

శృతీ,

నీ ఉత్తరం అందగానే ఫోన్ చేసి, “పెంటవ్వను ఇయ్యాల్నే దవాఖానకు తోల్కపో” అని పెట్టేశాను. ఎందుకని నువ్వడుగుతుంటే నాకు నోరు రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

పెంటవ్వకు ఫోన్ లేదు కదా. క్యాంపులో నా నంబరే రాయించింది. “నీకస్తె నాకచ్చినట్టే” అంది. నేను ఇక్కడికొచ్చిన నాలుగో రోజు ఆమె రిపోర్టు నా ఫోన్‌కొచ్చింది. నువ్వు పెట్టిన ఓటీపీ కూడా నాకే వచ్చింది. తెరిచాను. ఆమెకూ మచ్చ ఉంది. రెండు వైపులా ఉంది. వెంటనే పెద్ద దవాఖానకు రావాలని రాశారు.

నేను చెప్పలేదు. “ఎవలదక్కా మెసేజు?” అని మా తమ్ముడు నర్సింలు అడిగితే “కంపెనోళ్లది” అన్నాను. నా సంగతి ఊరంతా చాటిన మనిషి, తన సంగతి తానే తెలుసుకోనీ అనుకున్నాను. అబద్ధమెందుకు, ఆ పూట నాకు సంతోషమే అయింది. తర్వాత రోజూ ఫోన్ తీసేదాన్ని, మళ్లీ పెట్టేసేదాన్ని. నీ ఫోన్ ఎత్తకపోవడానికీ అదే కారణం. ఎత్తితే చెప్పేస్తానేమోనని.

నేను మాత్రం ఇక్కడ దవాఖానలో ఇచ్చే గోలీలు ఒక్క పూట తప్పకుండా మింగుతున్నాను. ఆమెకు మందు లేదు. నీ తప్పు భయంతో చేశావు. నేను కావాలని చేశాను. ఇది ఆమెకు చదివి వినిపించు. ఒక్క మాట కూడా వదలొద్దు.

భాగ్యలక్ష్మి

నిజామాబాద్,
ఆదివారం

బాగ్యా,

నేను పెంటవ్వను. నేను చెప్తున్న, శృతి రాస్తున్నది. ఫోన్ల నీ గొంతు ఇంటె నాకు ఏడ్పస్తది, మాట రాదు. గందుకే రాయమన్న.

బుదారం గీ పిల్ల అచ్చి దవాఖానకు పోదాం పా అన్నది. నాకేం రోగం, నీ పని నువ్వు సూస్కో అని ఎల్లగొట్టిన. నిన్న నీ ఉత్తరం సదివింది. ఇన్న. మల్ల సదువుమన్న. మల్ల ఇన్న.

గీ పిల్ల తాను జేసింది సుత చెప్పింది. దాన్ని మాఫ్ జేసిన. చిన్నది, బయపడ్డది. నువ్వు నడివాకిట్ల నన్ను అన్న మాటలు సుత మాఫ్ జేసిన. నీ జాగల నేనున్నా గట్లనే అంటుంటి.

గని బాగ్యా, మనుమరాలు నా పక్కలనే పండుకుంటది. గది నీకెర్కే. నలపై దినాలు నా మెడల చేతులేసుకోని పండుకున్నది. గీ వారం సంది గా పిల్ల దగ్గుతున్నది. సర్ది అనుకున్న. గిప్పుడు నాకు బుగులైతున్నది. గిది మాఫ్ జెయ్య నాకు సాతనైత లేదు. అబద్దమెందుకు చెప్పాలె.

రేపు పొద్దుగాల పిల్లను తీస్కోని పెద్ద దవాఖానకు పోతున్న. ఏమంటరో తెల్వది. నాకు సదువు రాదు, డాక్టర్ ఏం రాసిండో ఎవలన్న సదివి చెప్పాలె. శృతి నేనస్త అన్నది. నేను వద్దన్న. గా కాయితం నువ్వే సదవాలె. మంచిగున్నా, మంచిగ లేకున్నా, నా మొకం సూస్కుంట సదవాలె. గీ ఉత్తరం ఇయ్యాల్నే నీ చేతికి అందాలని బోధన్ బస్సు డ్రైవర్‌కు ఇచ్చి పంపుతున్న.

మొదటి బస్సుకే రా.

పెంటవ్వ